మళ్ళీ వేలిముద్రలేనా?

మొన్న ఆగస్టు 6 ప్రత్యేక సంచిక కోసం కవితలు పంపమని అడిగాం. 31 కవితలు వచ్చాయి. వాటిని ముందేసుకుని కూర్చున్న రోజున మాకొక అనుమానం పట్టుకుంది. అందులో పన్నెండు దాకా ఒకే చేత్తో రాసినట్టున్నాయి. ప్రతి దాంట్లోనూ చీకటి ఉంది. ఆ చీకటిని చీల్చే వెలుగురేఖ ఉంది. నేల రాలిన నెత్తుటిచుక్క మొలకెత్తి చెట్టవుతుంది. ఆఖరి చరణంలో రేపటి సూర్యుడు తప్పకుండా పొడుస్తాడు. ఎక్కడా అక్షరదోషం లేదు. చదవడానికి నున్నగా ఉన్నాయి.

లేనిదల్లా చుండూరే. సినిమా హాల్లో కాలు తగిలిందని మొదలైన గొడవ లేదు. సాంఘిక బహిష్కరణ లేదు. 1991 ఆగస్టు 6న పట్టపగలు పొలాల్లో తరిమి ఎనిమిది మందిని నరికి, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పారేసిన సంగతి లేదు. ఆ కవితల్లోంచి చుండూరు పేరు తీసేసి ఇంకో ఊరి పేరు పెట్టినా నడుస్తాయి. ఊరి పేరు తీసేసి తుఫాను అని పెట్టినా నడుస్తాయి.

వాటిలో ఒక కవిత పంపిన తమ్ముడికి ఫోను చేశాం. డిగ్రీ చదువుతున్న పిల్లవాడు. దాపరికం లేకుండా చెప్పాడు. "ఫోన్లో అడిగానన్నా. చుండూరు మీద దళిత కవిత రాయమంటే అర నిమిషంలో రాసిచ్చింది. నాకంటే బాగా రాసింది గదన్నా" అన్నాడు.

నాకంటే బాగా! ఈ రెండు మాటలే ఈ సంపాదకీయం రాయిస్తున్నాయి.

ఆ తమ్ముణ్ణి తిట్టడానికి కాదు ఇది రాస్తున్నది. నీకంటే బాగా రాసేవాడు వేరే ఉన్నాడు, నువ్వు రాయక్కర్లేదు అని మనకు చెప్పడం ఇవాళ కొత్తగా మొదలైంది కాదు. మన తాతలకు కరణం చెప్పాడు. అప్పుపత్రం కరణం రాసేవాడు, కౌలు కాగితం కరణం రాసేవాడు, అడంగల్లో ఎవరి పేరు ఉండాలో, ఎవరి పేరు లేచిపోవాలో కరణం రాసేవాడు. మన తాత బొటనవేలికి సిరా పూసి కాగితం మీద ఒత్తేవాడు. రాత కరణానిది, ముద్ర మనది. పంట పోయినా, భూమి పోయినా ఆ ముద్ర వేసినవాడిదే బాధ్యత. 1984లో కరణం ఉద్యోగం రద్దయింది. మన వాడల్లో పిల్లలు బడికి పోయారు, హాస్టళ్ళలో నీళ్ళచారు తాగి చదివారు. సంతకం నేర్చారు. సంతకం నుంచి కవిత దాకా నడిచిన ఆ దూరం ఎంతో, నడిచినవాళ్ళకే తెలుసు.

ఇప్పుడు మిషను రాసిన కవిత కింద మన పేరు పెట్టుకుంటున్నాం. రాత ఇంకెవరిదో, ముద్ర మనది. చదువుకున్నాక కూడా మళ్ళీ వేలిముద్రలేనా?

అసలీ మిషను చేసే పనేమిటి? 2022 నవంబరులో చాట్‌జీపీటీ జనంలోకి వచ్చింది. తర్వాత అలాంటివి చాలా వచ్చాయి. కృత్రిమ మేధ అని పెద్ద పేరు పెట్టారు. దాని పనితీరు మాత్రం సామాన్యులకు అర్థం కానంత బ్రహ్మవిద్యేమీ కాదు. లోకంలో అచ్చయిన రాతను, కంప్యూటర్లలోకి ఎక్కిన రాతను కోట్ల పేజీల లెక్కన దానికి మేపారు. ఏ మాట పక్కన ఏ మాట ఎక్కువగా వస్తుందో అది లెక్కకట్టి పెట్టుకుంది. మనం నాలుగు మాటలు వేస్తే, అయిదో మాట ఏది రావడానికి ఎక్కువ వీలుందో చూసి వేస్తుంది. ఆ తర్వాత ఆరోది. ఇంతే. కనక పదిమంది తరచూ అనే మాటే దానికి ముందు తోస్తుంది. ఎవరూ అనని మాట, ఒక్కరే అన్న మాట దాని లెక్కలో అడుక్కి పోతుంది.

మరి అది తిన్న రాత ఎవరిది? 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు ఎనిమిది కోట్ల పైచిలుకు. ఇంటర్నెట్ మొత్తం రాతలో తెలుగు వంతు నూటికి ఒకటి కూడా లేదు. ఆ కొంచెంలో కూడా పత్రికల తెలుగు ఉంది, పురాణాల తెలుగు ఉంది, సినిమా కబుర్ల తెలుగు ఉంది. కూలికి పోయే మన అమ్మల తెలుగు ఎంతుంది? డప్పు కట్టేటప్పుడు మాట్లాడుకునే మాటలు ఎన్నున్నాయి? చెప్పులు కుట్టే ఆరె, గూటం, రంపె పేర్లు ఎవరు ఎక్కించారు? ఊరు రాసుకుంది, వాడ మాట్లాడుకుంది. రాసుకున్నది మిషను కడుపులోకి పోయింది. మాట్లాడుకున్నది గాలిలో ఉంది. అందుకే దాన్ని దళిత కవిత రాయమంటే, మన గురించి ఊరు రాసిన దాన్నే తిప్పి మనకు వడ్డిస్తుంది. కడుపునిండా జాలి, ఆఖర్న సూర్యోదయం.

జాలి దగ్గరే ఆగితే కొంత నయం. 2025 అక్టోబరులో అమెరికాలోని ఎం.ఐ.టి. వారి టెక్నాలజీ పత్రిక ఒక పరిశోధన అచ్చేసింది. 105 వాక్యాల్లో ఖాళీలు పెట్టి, అక్కడ దళితుడు అని పూరించాలో బ్రాహ్మడు అని పూరించాలో చెప్పమని చాట్‌జీపీటీ వెనక ఉన్న కొత్త నమూనాను అడిగారు. తెలివైనవాడు ఎవరు అంటే బ్రాహ్మడు అంది. మురుగు ఎత్తేవాడు ఎవరు అంటే దళితుడు అంది. 105లో 80 చోట్ల మనువు రాసిన జవాబే ఇచ్చింది. దానికి జంధ్యం లేదు, కులం లేదు, ఊరు లేదు. అయినా కులం చెప్పింది. ఎందుకంటే తిన్నది కులాన్నే.

అదే కథనంలో ఇంకో సంగతి ఉంది. ఒక దళిత పరిశోధకుడు బెంగుళూరులో ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టుకుంటూ ఇంగ్లీషు కాస్త దిద్దిపెట్టమని మిషనుకు ఇచ్చాడు. అది ఇంగ్లీషుతో పాటు అతని ఇంటిపేరు కూడా దిద్దింది. శర్మ అని మార్చింది! చదువుకున్న మనిషి, పరిశోధన చేసే మనిషి అనగానే దాని లెక్కలో పక్కన రావాల్సిన మాట శర్మ. వాక్యం దిద్దమంటే మనిషినే దిద్దింది. బాగుచెయ్యడం అంటే దాని దృష్టిలో ఏమిటో ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

ఇలా బాగుచెయ్యాలని చూసినవాళ్ళు బాబాసాహెబ్‌కూ తగిలారు. 1936లో లాహోరు జాత్-పాత్-తోడక్ మండల్ వాళ్ళు తమ మహాసభకు అధ్యక్షుడిగా పిలిచారు. ప్రసంగం చూశాక బెదిరిపోయారు. ఫలానా చోట కొంచెం తగ్గించండి, ఫలానా భాగం తీసేయండి అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. సభే రద్దయింది. సొంత ఖర్చుతో పుస్తకంగా వేయించారు. కులనిర్మూలన అలా మన చేతికొచ్చింది. అంబేద్కర్ రాసింది ఇంగ్లీషులో. అది మన వాడ భాష కాదు, ఆయన అమ్మభాషా కాదు. భాష నేర్చుకోవచ్చు, అరువూ తెచ్చుకోవచ్చు. కానీ ఏది చెప్పాలో, ఎంత గట్టిగా చెప్పాలో, ఎక్కడ తగ్గకూడదో మాత్రం ఆయన ఎవరికీ అప్పజెప్పలేదు. ఇవాళ మన రాతను 'కాస్త బాగుచెయ్యి' అని మిషనుకిస్తే అది మండల్ వాళ్ళు అడిగిన పనే చేస్తుంది. కొస విరుస్తుంది. తేడా ఏమిటంటే, మండల్ వాళ్ళు అడిగారు. ఇది అడక్కుండానే చేస్తుంది.

ఈ మాటంటే ఒకరిద్దరు సాహిత్య పెద్దలు సంతోషపడొచ్చు. వాళ్ళు ఈమధ్య సభల్లో కంటతడి పెట్టుకుంటున్నారు. సృజన పవిత్రత మంటగలిసిందట, మనిషి గొంతు నిజాయితీ పోతున్నదట. అయ్యా, మీ ఏడుపులో మమ్మల్ని కలపొద్దు. 1990ల్లో మేము రాసుకొచ్చినప్పుడు ఇది కవిత్వమా, నినాదమా అని అడిగింది మీరే. అనుభవం ఒక్కటే చాలదు, శిల్పం కావాలి అని క్లాసులు పీకింది మీరే. 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చినప్పుడు ముక్కు మూసుకున్నది మీరే. మరి ఇప్పుడు శిల్పం ఊరికే దొరుకుతున్నది. ఫోను నొక్కితే ఉపమానాలు కుప్పలు కుప్పలు. దొరకందేమిటి? అనుభవం! ఆ రోజు మేము మొత్తుకున్నది అదే గదా. బిందె ఎత్తిన చెయ్యి లేకుండా కారంచేడు కవిత లేదు అని. 1985లో చెరువు నీళ్ళ దగ్గర మున్నంగి సువార్త ఎత్తిన బిందె ఏ నిఘంటువులోంచీ రాలేదు. ముప్ఫై ఏళ్ళ నాటి వాదంలో తీర్పు మా పక్షాన వచ్చింది, చెప్పింది మిషను. అందుకు దానికి ఒక దండం.

ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. మిషను పొందికగా, మర్యాదగా మాట్లాడుతుంది. ఆ మర్యాద దానికి ఎలా వచ్చింది? లోకంలోని బూతు, హింస, పసిపిల్లల మీద అఘాయిత్యాల రాతలు అన్నీ అది తిన్నది. వాటిని ఏరి, ఇది చెడ్డది అని గుర్తుపెట్టేందుకు మనుషుల్ని పెట్టారు. కెన్యా దేశంలో ఆ పని చేసినవాళ్ళకు గంటకు రెండు డాలర్ల లోపే ముట్టిందని 2023 జనవరిలో టైమ్ పత్రిక బయటపెట్టింది. రోజంతా ఆ కుళ్ళు చదివి వాళ్ళ మనసులు పాడయ్యాయి. పైన తెల్లటి మేడ, కింద మురుగు ఎత్తే మనుషులు. ఈ ఏర్పాటు మనకు కొత్తా? మిషనుకు శ్రమ లేదు అనుకునేవాళ్ళు కక్కసు దానంతటదే శుభ్రమవుతుందని అనుకునేవాళ్ళ లాంటివాళ్ళే.

అయితే మిషనును వాడలోకే రానివ్వొద్దు అని మేము అనడం లేదు. అంటే అది పొగరవుతుంది. చదువు దక్కనివాళ్ళకు, ఆఫీసు భాష తెలియనివాళ్ళకు అది పనికొస్తుంది. స్కాలర్‌షిప్ ఆగిపోతే అర్జీ రాయించుకో. సమాచార హక్కు దరఖాస్తు రాయించుకో. ఇంగ్లీషు జీవో అర్థం కాకపోతే తెలుగులో చెప్పమను. ఇదివరకు ఈ పనులకు ఆఫీసు బయట చెట్టు కింద కూర్చున్న అర్జీలు రాసేవాడికి వందా రెండొందలు ఇచ్చేవాళ్ళం. ప్రభుత్వం దాని భాషలో తప్ప వినదు. దాని భాష మిషనుకు వచ్చు. వాడుకో, తప్పులేదు.

కానీ అక్కడ కూడా కళ్ళు తెరుచుకుని వాడుకోవాలి. ఒక ఉదాహరణ చెబుతాం. ఆమధ్య మా దగ్గరికి ఒక ఫిర్యాదు కాగితం వచ్చింది. కల్లం దగ్గర ఒక అమ్మను కులం పేరెత్తి తిట్టారు. కొడుకు ఫోన్లో చెప్పి రాయించాడు. కాగితం చూస్తే, 'కొందరు వ్యక్తులు అనుచిత పదజాలంతో మా తల్లిగారి మనోభావాలను గాయపరిచారు' అని ఉంది. ఎవరు? ఏమని? ఎక్కడ? ఎవరు విన్నారు? ఏమీ లేవు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 నాటిది, 2015లో సవరించారు. దాని 3వ సెక్షన్ ప్రకారం నలుగురూ చూసే చోట కులం పేరుతో తిట్టారా, కావాలని అవమానించారా అన్నదే కీలకం. తిట్టిన మాట ఉన్నది ఉన్నట్టు ఉండాలి. ఆ మాట చెవికి ఎంత రోతగా ఉన్నా ఉండాలి. మిషనుకు మర్యాద ఎక్కువ గనక ఆ మాట తీసేసి మనోభావాలు అని పెట్టింది. ఆ మర్యాదతోనే కేసు పోతుంది. ఆ అమ్మను కూర్చోబెట్టి, ఆమె నోటితో చెప్పించి, ఆమె చెప్పిన వరసలోనే మళ్ళీ రాశాం. ఆమె మాటల్లో టైము ఉంది, కల్లం ఉంది, చూసిన ఇద్దరి పేర్లు ఉన్నాయి. ఏ వకీలూ అంత కచ్చితంగా చెప్పలేడు.

మన మాటకు విలువ ఎంతో మనకు తెలియంది కాదు. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. కళ్ళారా చూసినవాళ్ళు చెప్పిందే నిలబడలేదు. ఇలాంటి దేశంలో మన సాక్ష్యానికి, మన గోడుకు, మన పాటకు కూడా మిషను వాసన తగిలితే రేపేమంటారు? ఇదంతా ఫోను రాసింది, వీళ్ళకేమీ జరగలేదు అంటారు. మనం ఇవాళ సరదాకు చేసే పని రేపు వాళ్ళ చేతిలో ఆయుధం అవుతుంది. మా భయం ఇదే.

ఇప్పుడు దీని రెండో వైపు చూడండి. ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న మన చెల్లెలు ఒక అధ్యాయం రాసి ఇచ్చింది. గైడు గారు రెండు పేజీలు తిప్పి, "ఇది నువ్వు రాసిందేనా? ఏఐ రాసిందా?" అన్నారట. ఇంగ్లీషు బాగుండటమే ఆమె చేసిన నేరం. వెనకటికి, ఎవరితో రాయించావు అనేవాళ్ళు. ఇప్పుడు, దేంతో రాయించావు అంటున్నారు. ప్రశ్న అదే. దాని కులమూ అదే. మిషను రాతను పట్టే మిషన్లు అని ఇంకో సరుకు బజారుకొచ్చింది. 2023లో అమెరికా స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు వాటిని పరీక్షించారు. ఇంగ్లీషు మాతృభాష కాని విద్యార్థులు సొంతంగా రాసిన 91 వ్యాసాలు ఇస్తే, ఆ పట్టే మిషన్లు సగటున నూటికి 61 వంతున మిషను రాసిందే అని తప్పు చెప్పాయి. చాట్‌జీపీటీ చేసిన కంపెనీ కూడా తన పట్టుడు సాధనం సరిగ్గా చెప్పడం లేదని అదే ఏడాది జులైలో మూసేసుకుంది. నేర్చుకున్న భాషలో జాగ్రత్తగా, తెలిసిన మాటలతో రాసేవాడు వాటి కంటికి దొంగలా కనపడతాడు. అంటే మనమే. శంబూకుడు తపస్సు చేస్తే తల తీశారు, ఏకలవ్యుడు గెలిస్తే వేలు అడిగారు. ఇప్పుడు రాస్తే అనుమానిస్తున్నారు.

కాబట్టి మనకు రెండు పనులున్నాయి. మన వేలు మనమే కోసి పళ్ళెంలో పెట్టకూడదు. వేలు ఉన్నవాణ్ణి వేలు లేనివాడు అననివ్వకూడదు. దీన్ని ఒంటరిగా కూర్చుని బాధపడి సాధించలేం. 2023లో హాలీవుడ్ సినిమా రచయితలు 148 రోజులు సమ్మె చేసి, మిషనును రచయితగా లెక్కగట్టకూడదన్న షరతు నిర్మాతలతో ఒప్పించుకున్నారు. వాళ్ళు మనలాంటి పేదలు కాకపోవచ్చు. సంఘం పెట్టుకుని సాధించారు, అది చూడాలి.

ఈ పత్రిక చిన్నది. మా చేతిలో ఉన్నది మేము చేస్తాం. సంపాదకవర్గం కూర్చుని తీసుకున్న నిర్ణయాలు ఇవి:

1. కవిత, కథ, పాట, స్వీయగాథ – ఇవి మీవే పంపండి. మిషను రాసినవి వేయం.

2. రాయడం రానివాళ్ళు చెప్పండి. ఫోన్లో చెప్పి రికార్డు పంపండి, లేదా మీ పిల్లలతో రాయించండి. చెప్పినవారు, రాసినవారు అని ఇద్దరి పేర్లూ వేస్తాం. మనిషి చెబితే మనిషి రాయడం మన సంప్రదాయమే.

3. అర్జీలకు, అనువాదాలకు మిషను సాయం తీసుకుంటే ఆ మాట రాయండి. సిగ్గుపడక్కర్లేదు.

4. నిజనిర్ధారణ నివేదికల్లో బాధితుల మాటలు వాళ్ళ నోట వచ్చినట్టే ఉండాలి. దాంట్లో మిషను వేలు పెట్టడానికి వీల్లేదు.

5. ఏ రచననూ పట్టుడు మిషనుకు ఇచ్చి చూడం. అనుమానం వస్తే మనిషితో మాట్లాడతాం.

6. అక్షరదోషాలున్నాయని, యాస ఉందని ఏదీ తిప్పి పంపం.

ఈ ఆరోది రాసేటప్పుడు మాలో మాకు కొంచెం తలవంపులయింది. ఇన్నేళ్ళుగా ఈ ఆఫీసులో మేమేం చేశాం? ఒక ఉత్తరంలో 'అచ్చిండు' అనుంటే 'వచ్చాడు' అని దిద్దాం. ప్రకాశం జిల్లా పెద్దాయన పంపిన జ్ఞాపకాలను పత్రిక భాషలోకి మార్చి వేశాం. చదవడానికి నున్నగా ఉండాలని చేశాం. మిషను పుట్టకముందే మేము మిషను పని చేశాం. నాకంటే బాగా ఇంకోటి రాస్తుంది అన్న ఆ తమ్ముడికి, నీ తెలుగు సరైన తెలుగు కాదు అని ముందు చెప్పినవాళ్ళలో మేమూ ఉన్నాం. ఆ తప్పు ఒప్పుకుంటున్నాం.

ఆ తమ్ముడికి ఫోన్లో ఒకటే అడిగాం. మీ ఇంట్లో చుండూరు మాట ఎప్పుడైనా వచ్చిందా అని. కాసేపు మాట్లాడలేదు. నాయనమ్మను అడిగి చెబుతానన్నాడు. పది రోజులకు ఒక కాగితం వచ్చింది, చేత్తో రాసింది. ఆ రోజుల్లో ఊళ్ళోంచి పారిపోయి తెనాలిలో తలదాచుకున్నవాళ్ళ కోసం వాళ్ళ నాయనమ్మ వాడంతా తిరిగి గుప్పెడు గుప్పెడు బియ్యం పోగుచేసి మూట కట్టుకుని బస్సెక్కిందట. కండక్టరు మూటకు కూడా టిక్కెట్టు కొట్టాడట. ఎవరి కోసమో తెలిశాక చించిన టిక్కెట్టు వెనక్కి తీసుకోలేదు గానీ, దిగేటప్పుడు మూట తనే నెత్తికెత్తాడట. పదకొండు పంక్తులు. సూర్యోదయం లేదు. మూడు అక్షరదోషాలున్నాయి.

వెనక అట్ట మీద వేశాం, ఉన్నది ఉన్నట్టుగా. కింద రెండు పేర్లున్నాయి. నాయనమ్మ పేరు ముందు.